డాక్టరుగారి ఉత్తరం, మా నూతి నీళ్లు

మా మనవరాలు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, ఇంగ్లీషు సాహిత్యం. దసరా సెలవులకు ఊరొచ్చింది. ఒక మధ్యాహ్నం వరండాలో చాప పరుచుకుని, ఒళ్లో పుస్తకం తెరిచి పెట్టుకుని, కలం మూత కొరుకుతూ గంటసేపు కదలకుండా కూర్చుంది.

"ఏంటమ్మడూ, అంత ఆలోచన?"

"వ్యాసం రాయాలి తాతయ్యా. ఇబ్సెన్ నాటకం మీద పదిహేను వందల మాటలు. ఒక పేరా రాశాను. అక్కడే ఆగిపోయింది."

ఏ నాటకమని అడిగాను. 'ఎన్ ఎనిమీ ఆఫ్ ది పీపుల్' అంది. తెలుగులో 'ప్రజాశత్రువు' అనుకోండి. ఆ పేరు వినగానే కుర్చీ దగ్గరకు లాక్కున్నాను. నేను ముప్పై రెండేళ్లు మునిసిపాలిటీ మంచినీళ్ల లాబ్‌లో కెమిస్టుగా పనిచేసినవాణ్ణి. నాటకాలు ప్రేమ చుట్టూ తిరుగుతాయి, సింహాసనం చుట్టూ తిరుగుతాయి, ఆస్తి తగాదాల చుట్టూ తిరుగుతాయి. ఒక నీళ్ల పరీక్ష రిపోర్టు చుట్టూ తిరిగే పెద్ద నాటకం మాత్రం నేను చదివినవాటిలో ఇదొక్కటే. ఉద్యోగంలో చేరిన కొత్తలో లైబ్రరీలో దొరికింది. అప్పటినుంచీ మళ్లీ మళ్లీ చదువుతూనే ఉన్నాను.

"ఏదీ, రాసింది చదువు" అన్నాను.

చదివింది. హెన్రిక్ ఇబ్సెన్ 1828లో నార్వేలోని షియెన్ అనే ఊళ్లో పుట్టాడు, ఆధునిక నాటకానికి ఆద్యుడు, ఈ నాటకంలో సత్యానికీ స్వార్థానికీ జరిగే పోరాటాన్ని అద్భుతంగా చిత్రించాడు. అన్నీ నిజాలే, తప్పేం లేదు. కానీ నాటకం పేరు తీసేసి ఇంకొకటి పెట్టినా ఆ పేరా చక్కగా అతుకుతుంది. చీటీ ఊడిపోయిన సీసా లాంటిదది. లాబ్‌కు అలాంటి సీసా వస్తే మేం పారబోసేవాళ్లం. ఏ కుళాయి నీళ్లో, ఏ పూట పట్టారో, ఎవరు పట్టారో తెలియకపోతే లోపలి నీళ్లు ఎంత తేటగా ఉన్నా వాటితో పనిలేదు.

"వ్యాసం సంగతి తర్వాత చూద్దాం, ముందు నూతిలోంచి నీళ్లు పట్టుకురా" అన్నాను. నా అలమరాలో నీళ్లు పరీక్షించే హెచ్‌టూఎస్ సీసాలు రెండు మూడు ఎప్పుడూ ఉంటాయి. బొటనవేలంత సీసా, అడుగున కాస్త మందు. గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి, ఇంట్లో వెచ్చని చోట ఒకరోజు ఉంచడమే. మలినం కలిసిన నీళ్లయితే అందులో పెరిగే సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్ (హెచ్‌టూఎస్) అనే వాయువు వదులుతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. అది మందులోని ఇనుముతో కలిసి నీళ్లను నల్లగా చేస్తుంది. ఈ పద్ధతిని 1982లో ప్రకటించింది మన దేశపు శాస్త్రవేత్తలే. ఇబ్సెన్ నాటకం అచ్చయింది 1882లో. సరిగ్గా నూరేళ్ల తేడా.

చేద ఎలా పట్టుకోవాలో, మూత తీసి నేలమీద ఎందుకు పెట్టకూడదో, సీసా లోపలి అంచును వేలితో ఎందుకు తాకకూడదో చెప్పాను. గిలక కీచుమంటూ తిరిగింది. తొలి చేద నీళ్లు కుమ్మరించేసి, రెండో చేదలోంచి గీత దాకా పోసింది. సీసా మీద తేదీ, టైము, 'పెరటి నుయ్యి' అని రాయించాను. దేవుడి గూటి పక్కన పెట్టి వచ్చింది.

"ఇప్పుడు కథ చెప్పు" అన్నాను.

నార్వే దక్షిణ తీరంలో ఒక చిన్న ఊరు. రోగులు వచ్చి స్నానాలు చేసి, ఆ నీళ్లు తాగి ఆరోగ్యం బాగుచేసుకునే స్నానశాల ఒకటి కొత్తగా కట్టారు. ఊరికి అదే బతుకుతెరువు అయింది. దానికి వైద్యాధికారి డాక్టర్ థామస్ స్టాక్‌మన్. ఊరి మేయరు పీటర్ ఆయన సొంత అన్న. అంతకుముందు ఏడాది వచ్చిన రోగుల్లో కొందరికి టైఫాయిడ్, కడుపు జబ్బులు పట్టుకున్నాయి. డాక్టరుకు అనుమానం వచ్చింది. తాగే నీళ్లూ, సముద్రపు నీళ్లూ సీసాల్లో పట్టి యూనివర్సిటీలోని కెమిస్టుకు పంపించాడు. జవాబు వచ్చింది: నీళ్లనిండా కుళ్లిన పదార్థం, సూక్ష్మజీవులు. పైన లోయలో ఉన్న తోళ్ల కార్ఖానాల మురికి ఇంకి గొట్టాల్లోకి చేరుతోంది. గొట్టాలు పైనుంచి వేయాలని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. వినకుండా కింద వేశారు.

ఇక్కడిదాకా చకచకా చెప్పింది. "తర్వాత అందరూ ఆయనకు ఎదురు తిరుగుతారు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

"అలా తేల్చేయకు. ఆ ఉత్తరం ఏ అంకంలో ఎవరి చేతిలో ఉందో చూసి చెప్పు."

పిల్ల పుస్తకం తిరగేసింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని వెతికాం. మొదటి అంకంలో ఉత్తరం తెచ్చి ఇచ్చేది డాక్టరు కూతురు పెట్రా. ఆమె బడిపంతులమ్మ. పొద్దున ఇల్లు కదిలేటప్పుడు పోస్టుమాన్ చేతికిస్తే, వెనక్కి వచ్చి ఇచ్చే తీరిక లేక జేబులో వేసుకుని రోజంతా తిరిగింది. ఊరి తలరాత మార్చే కాగితం ఆమె కోటు జేబులో పాఠాలు వింటూ గడిపిందన్నమాట. డాక్టరు దాన్ని దీపం కింద చదువుకుని సంబరంగా బయటికి వస్తాడు. ఊరంతా తనకు దండలు వేస్తుందనే అనుకున్నాడు. ముందే రాసి సిద్ధంగా ఉంచుకున్న రిపోర్టును ఆ రాత్రే అన్నకు పంపించాడు.

రెండో అంకంలో ఆ రిపోర్టు తిరిగి వస్తుంది. వెనకాలే మేయరు వస్తాడు. గొట్టాలు మార్చాలంటే ఎంత అవుతుందో, ఎంతకాలం పడుతుందో ముందే వాకబు చేసుకుని మరీ వచ్చాడు. లక్షల్లో ఖర్చు, రెండేళ్ల పని, అందాకా స్నానశాలకు తాళం. మూడో అంకంలో కాగితం పత్రికాఫీసు చేరుతుంది. అచ్చు వేస్తామని ఉరకలు వేసిన సంపాదకుడు హోవ్‌స్టాడ్, ముద్రాపకుడు అస్లాక్సెన్, ఖర్చు పన్నుల రూపంలో జనం నెత్తినే పడుతుందని మేయరు చెప్పగానే చల్లబడిపోతారు. డాక్టరు వ్యాసం పక్కకు పోయి మేయరు ప్రకటన అచ్చుకు వెళుతుంది. నాలుగో అంకం బహిరంగ సభ. ఊళ్లో ఎవరూ హాలు ఇవ్వకపోతే కెప్టెన్ హోర్‌స్టర్ తన ఇంట్లో గది ఇచ్చాడు. సభ మొదలవగానే, డాక్టరు తన రిపోర్టు చదవడానికి వీల్లేదని మేయరు ప్రతిపాదిస్తాడు.

"చూశావా, నాటకం మొత్తంలో ఊరి జనం ఆ రిపోర్టు వినలేదు. ఒక్కసారి కూడా వినలేదు. ఇష్టం లేక తోసిపుచ్చారనుకుంటాం మనం. అసలు వాళ్ల చెవిన పడితే కదా తోసిపుచ్చడానికి!"

ఐదో అంకంలో కాగితం రూపం మారుతుంది. ఊరివాళ్లు రాళ్లు రువ్వి డాక్టరు ఇంటి అద్దాలన్నీ పగలగొట్టారు. పెట్రా ఉద్యోగం ఊడింది. ఇల్లు ఖాళీ చేయమన్నారు. అప్పుడొస్తాడు ముసలి మోర్టెన్ కీల్, డాక్టరు భార్యను పెంచిన తండ్రి. లోయలోని తోళ్ల కార్ఖానాల్లో అన్నిటికంటే మురికిది ఆయనదే. కూతురికీ మనవలకీ రావాల్సిన డబ్బంతా పెట్టి, ధర పడిపోయిన స్నానశాల వాటాలు కొనేశాడు. ఇప్పుడు నీళ్లు చెడ్డవని డాక్టరు అన్నకొద్దీ సొంత భార్యాపిల్లలే దరిద్రులైపోతారు. డాక్టరు ఒక కార్డు మీద 'కాదు' అని మూడుసార్లు పెద్దగా రాసి ఆ ముసలాయనకు పంపిస్తాడు. యూనివర్సిటీ ఉత్తరంతో మొదలైన కాగితాల ప్రయాణం ఆ కార్డు దగ్గర ఆగుతుంది.

మా మనవరాలు అప్పటికే నోటుపుస్తకంలో గబగబా రాసుకుంటోంది. నాటకం మీద వ్యాసం రాయాలంటే నాకు తెలిసిన మంచి దారి ఇదే. రంగస్థలం మీద కంటికి కనిపించే ఒక్క వస్తువును పట్టుకుని, అది ఏ చేతిలోంచి ఏ చేతిలోకి పోతోందో తెర పడేదాకా దాని వెంట నడవాలి. ఉత్తరమే కానక్కర్లేదు. ఈ నాటకంలోనే మేయరుగారి టోపీ, చేతికర్ర ఉన్నాయి. మూడో అంకంలో డాక్టరు వాటిని తాను పెట్టుకుని పత్రికాఫీసులో అటూ ఇటూ తిరుగుతాడు. ఆ ఒక్క దృశ్యం మీద రెండు పేజీలు రాయొచ్చు. అలా వెంట నడిస్తే కథ దానంతటదే వస్తుంది, అంకాల వారీగా కథంతా తిరిగి చెప్పే పని తప్పుతుంది. ప్రతి మాటకూ పుస్తకంలో చోటు చూపించగలుగుతావు కూడా.

ఇక నా వంతు వచ్చింది. ఆ ఉత్తరంలో ఏముందో చెప్పాలి కదా.

నాటకం అచ్చయింది 1882 నవంబరులో, మొదట ఆడింది 1883 జనవరి 13న, ఇప్పటి ఓస్లో అయిన క్రిస్టియానియా నగరంలో. ఆ 1882లోనే మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టానని ప్రకటించాడు. ఆ రోజుల్లో సూక్ష్మజీవుల్ని విడివిడిగా పెంచడం పెద్ద తలనొప్పి. జెలటిన్ మీద పెంచితే వేడికి కరిగిపోయేది. కాక్ దగ్గర పనిచేసే వాల్టర్ హెస్సే భార్య ఫానీ ఒక ఉపాయం చెప్పింది. తను వంటింట్లో జెల్లీలు చేయడానికి వాడే అగర్ వేసి చూడమంది. సముద్రపు నాచు నుంచి తీసే పదార్థమది, వేసవి ఎండకూ కరగదు. జావాలో ఉండి వచ్చిన ఇరుగింటివాళ్ల దగ్గర నేర్చుకున్న వంటింటి చిట్కా. ఈరోజుకీ ప్రపంచంలోని ప్రతి సూక్ష్మజీవుల లాబ్‌లోనూ ఆ అగరే. నా ఉద్యోగమంతా ఆ ఇల్లాలి చిట్కా మీద నడిచింది.

అంటే ఇబ్సెన్ రోమ్‌లో కూర్చుని ఈ నాటకం రాస్తున్నప్పుడు, కంటికి కనిపించని జీవులు జబ్బులు తెస్తాయన్నది ఇంకా పచ్చి వార్త. డాక్టర్లలోనే నమ్మేవాళ్లూ ఉన్నారు, నమ్మనివాళ్లూ ఉన్నారు. రెండో అంకంలో కీల్ ముసలాయన వచ్చి, గొట్టాల్లో ఏవో జంతువులు దూరాయట, లక్షలున్నాయట, కానీ ఒక్కటీ కనపడదట అని పడీ పడీ నవ్వుతాడు. మేయరును ఆటపట్టించడానికి అల్లుడు కట్టిన కథ అనుకున్నాడు. ఆ నవ్వును మొరటుతనమని కొట్టేయకండి. ఆ రోజు ఊళ్లో ఎవరి దగ్గరైనా మైక్రోస్కోపు ఉందా? తేటగా మెరిసే గ్లాసెడు నీళ్లు చూపించి ఇందులో చావు ఉందంటే ఎవరు మాత్రం ఎలా నమ్ముతారు?

ఇబ్సెన్‌కు సీసాల సంగతి పరాయిది కాదు. పదిహేనేళ్లకే ఇల్లు వదిలి, గ్రిమ్‌స్టాడ్ అనే చిన్న రేవు ఊళ్లో మందుల దుకాణంలో పనికి కుదిరాడు. అక్కడ ఆరేళ్లు మందులు నూరాడు, తూచాడు, కలిపాడు. ఆయన నాటకంలో ఒక డాక్టరు గాలి కబుర్లు చెప్పకుండా నమూనాలు పంపించి జవాబు కోసం ఎదురుచూశాడంటే, ఆ ఓపిక ఇబ్సెన్‌కు మందుల బల్ల దగ్గరే అబ్బిందని నా నమ్మకం.

"అయితే తాతయ్యా, తోళ్ల మురికి వల్ల టైఫాయిడ్ వస్తుందా?"

ఆ ప్రశ్నకు నేను లేచి నిలబడ్డానంటే నమ్మండి. వ్యాసానికి ప్రాణం అలాంటి ప్రశ్నలే.

తోలు శుద్ధి చేసేచోటును మన పల్లెల్లో లంద అంటారు. పచ్చి తోలుకు సున్నం పట్టించి నానబెడితే వెంట్రుకలు ఊడతాయి. గోరి, కడిగి, తర్వాత తంగేడు చెక్క వేసిన నీళ్లలో ఊరబెడతారు. మన దక్షిణాదిన తంగేడు చెక్కతో ఊరిన తోలు ఓడలెక్కి ఇంగ్లండు దాకా వెళ్లేది. పని పూర్తయ్యేసరికి గుంటలో మిగిలేది సున్నం, వెంట్రుకలు, మాంసపు పేలికలు, చిక్కటి కుళ్లు. వాగులో కలిస్తే ఆ కుళ్లు నీళ్లలోని ప్రాణవాయువును తినేస్తుంది, చేపలు తేలతాయి. ఈ పరిశ్రమ మురికిని శాస్త్రంతో బాగుచేయాలని పూనుకున్నవారిలో మన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ గారు ముఖ్యులు. గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టి, మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరై, తోలు పని అంటే ముఖం తిప్పుకునే దేశంలో దాన్ని గౌరవమైన శాస్త్రంగా నిలబెట్టారు.

కానీ టైఫాయిడ్ క్రిమి ఉండేది మనిషి పేగుల్లో. మనిషి మలం నుంచి నీళ్లలోకి, నీళ్ల నుంచి ఇంకో మనిషి నోట్లోకి, అదీ దాని దారి. తోళ్ల నుంచి ఆంత్రాక్స్ రావచ్చు, టైఫాయిడ్ పుట్టదు. మరి స్టాక్‌మన్ పొరబడ్డాడా? ఆయన కాలంలో చాలామంది డాక్టర్లు కుళ్లు ఎక్కడుంటే జబ్బు అక్కడే పుడుతుందనుకునేవారు. అయినా ఆయన చెప్పిన అసలు మాట నిలబడుతుంది. గుమ్మంలో బురద అడుగులు కనిపించాయనుకో. వచ్చినవాడు చుట్టమో దొంగో అడుగులు చెప్పవు. తలుపు తీసే ఉందన్నది మాత్రం చెబుతాయి. తోళ్ల కుళ్లు గొట్టంలోకి రాగలిగితే, లోయలోని ఇళ్ల దొడ్ల మురికీ అదే దారిన రాగలదు. ఇప్పుడు మా లాబ్‌లలోనూ చేసేది అదే. టైఫాయిడ్ క్రిమిని వెతుక్కుంటూ కూర్చోం. పేగుల్లో ఉండే మామూలు ఈ-కొలై కనిపిస్తుందా అని చూస్తాం. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీళ్లు నూరు మిల్లీలీటర్లలో, అంటే అరగ్లాసులో, అది ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక్కటి ఉన్నా తలుపు తీసి ఉన్నట్టే.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. ఒక ఊళ్లో జాతరకు పది రోజుల ముందు మూడు కుళాయిల నీళ్లు పరీక్షలో పోయాయి. రిపోర్టు రాసి పైకి పంపాను. మళ్లీ పరీక్షించండి, జాతర అయ్యాక చూద్దాం అని అంచున రాసి వెనక్కి పంపారు. రెండు రోజులు ఆ కాగితం నా సొరుగులో ఉంది. ఆ రెండు రోజులూ ఆ వీధి పిల్లలు ఆ నీళ్లే తాగారు. దాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మూడో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు, నీళ్లు వదిలే వేళకి, ఓవర్‌సీరును వెంటబెట్టుకుని ఆ వీధిలోకి వెళ్లాను. కుళాయి కింద తెల్లని ప్లాస్టిక్ బకెట్ పెట్టాను. మొదటి నీళ్లు బొళబొళా దూకాయి, నల్లగా, మురుగుకాలవ వాసనతో. రెండు నిమిషాలకు తేటపడ్డాయి. రోజుకు గంటసేపే నీళ్లు వదిలే ఊళ్లలో జరిగేది ఇదే. గొట్టం ఖాళీ అయినప్పుడు లోపల ఒత్తిడి పోయి, పగులు ఎక్కడుంటే అక్కడ బయటి మురుగును పీల్చుకుంటుంది. ఓవర్‌సీరు బకెట్ వంక చూశాడు, ఒక్క మాట కూడా అనలేదు. ఏడు గంటలకల్లా కూలీలను పిలిపించి తవ్వించాడు. మురుగుకాలవలోంచి వెళ్లే చోట గొట్టం తుప్పుపట్టి వేలు దూరేంత కన్నం పడి ఉంది.

ఇదంతా విని మా మనవరాలు, "మీ ఓవర్‌సీరు కంటితో చూశాడు. మేయరు చూడలేదు" అని పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకుంది. నేను చెప్పని మాట అది.

నాటకం వచ్చిన పదేళ్లకు, 1892లో, జర్మనీలో అచ్చం ఇలాంటిదే నిజంగా జరిగింది. హాంబర్గ్ ఎల్బే నది నీళ్లు వడకట్టకుండానే జనానికి పంపేది. ఇసుక వడపోత కొత్తదేమీ కాదు, లండన్‌లో 1829లోనే మొదలైంది. కానీ ఖర్చు దగ్గర ఏళ్ల తరబడి తర్జనభర్జనలు నడిచాయి. కలరా వచ్చింది. రేవు మూతపడి వ్యాపారం పోతుందన్న భయంతో బయటపెట్టడంలో జాప్యం చేశారు. కొద్ది వారాల్లో ఎనిమిదిన్నర వేల మందికి పైగా పోయారు. పక్కనే ఆల్టోనా ఊరు ఉంది. అది నదికి ఇంకా దిగువన. హాంబర్గ్ మురికంతా కలిసిన నీళ్లే దానికి గతి. కానీ వాళ్లు ఇసుకతో వడకట్టేవారు. ఇసుక పైన పాకుడులాంటి జిగురు పొర ఒకటి కడుతుంది, క్రిముల్ని పట్టి తినేది అదే. రెండూళ్ల సరిహద్దు వీధిలో ఒకవైపు ఇళ్లలో శవాలు లేచాయి, ఎదురుగా రెండోవైపు కలరా లేదు. స్టాక్‌మన్ ఊరికి ఎవరైనా ఆ వీధిని చూపించగలిగి ఉంటే, అని ఎన్నిసార్లు అనుకున్నానో.

"మరి డాక్టరు మంచివాడు, మేయరు చెడ్డవాడు అని రాసేయనా?"

వద్దన్నాను. చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోతారు. నాలుగో అంకం మళ్లీ చదవమన్నాను, ఈసారి కెమిస్టు కళ్లతో.

రిపోర్టు చదవనివ్వకపోయేసరికి డాక్టరు ఇంకేదో మాట్లాడటం మొదలుపెడతాడు. జనంలో ఎక్కువమంది ఎప్పుడూ తప్పే అంటాడు. సత్యాలకు పదిహేడు పద్దెనిమిదేళ్లు, మహా అయితే ఇరవయ్యేళ్లే ఆయుష్షు అంటాడు. ఊరకుక్కకూ, మేలుజాతి ఇంట పెరిగిన కుక్కకూ తలపుర్రెలోనే తేడా ఉంటుందని, మనుషులూ అంతేనని అంటాడు. ఊడ్వని ఇంట్లో ప్రాణవాయువు తక్కువై మనిషి అంతరాత్మ నీరసిస్తుందని కూడా అంటాడు.

"ఇందులో ఏ మాటకు యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది?" అని అడిగాను.

పిల్ల కాసేపు ఆలోచించింది. "దేనికీ రాలేదు."

ఇరవయ్యేళ్లని ఎక్కడ కొలిచాడు? ఎన్ని కుక్కల్ని చూశాడు? నీళ్ల విషయంలో అనుమానం వచ్చినా నోరు విప్పకుండా, సీసాలు పంపి, జవాబు వచ్చేదాకా ఆగిన మనిషి, మనుషుల విషయంలో ఒక్క సీసా కూడా పంపలేదు. గాయపడ్డాడు, ఒంటరివాడయ్యాడు, నాకు ఆయనంటే ఎంతో ప్రేమ. అయినా ఆ సభలో ఆయన తన పద్ధతిని తానే వదిలేశాడు. నీళ్ల గురించి ఆయన చెప్పింది నిజం. మనుషుల పుట్టుక గురించి చెప్పింది నిజం కాదు, ఆ రకం మాటలు తర్వాతి కాలంలో యూరప్‌లో ఎంత నెత్తురు పారించాయో మనకు తెలుసు. ఈ రెండూ ఒక్క మనిషి నోట, ఒకే నాటకంలో వచ్చాయి. ఇబ్సెన్ వాటిని అలాగే ఉంచాడు, సర్దలేదు. వ్యాసం రాసేవాళ్లు కూడా సర్దకూడదు.

అందుకే ఏ పుస్తకం ముందుంచుకున్నామన్నది కూడా చూసుకోవాలి. అమెరికాలో ఆర్థర్ మిల్లర్ 1950లో ఈ నాటకాన్ని తన పద్ధతిలో తిరగరాసినప్పుడు ఆ జాతుల మాటలు తీసేశాడు. ఆ ప్రతి చదివి ఇబ్సెన్ గురించి రాస్తే సగం నాటకం గురించి రాసినట్టే. మన సత్యజిత్ రాయ్ 1989లో 'గణశత్రు' తీశాడు. అందులో స్నానశాల లేదు, గుడి ఉంది. తీర్థంలోకి మురుగు చేరుతోందని డాక్టరు చెబితే, తులసి వేసిన పవిత్ర జలానికి దోషమేమిటని ఊరు తిరగబడుతుంది. డబ్బు భయం చోట భక్తి వచ్చి కూర్చునేసరికి డాక్టరు పని ఇంకా కష్టమైంది. అది మన దేశంలో మనకు అర్థమయ్యే కష్టం. వీలుంటే ఆ సినిమా చూడమన్నాను, కానీ ఈ వ్యాసంలోకి లాగవద్దన్నాను. పదిహేను వందల మాటల్లో ఒక నాటకమే కష్టంగా పడుతుంది.

రాత్రి భోజనాలయ్యాక కూడా గదిలో లైటు వెలుగుతూనే ఉంది. మొదటి పేరా కొట్టేసి, రెండో అంకం నుంచి రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం చివర్లో రాస్తానంది. మంచి పనే, రిపోర్టు పైన వేసే శీర్షిక మేమూ పరీక్ష అయ్యాకే రాసేవాళ్లం.

మర్నాడు సాయంత్రం దేవుడి గూటి దగ్గర నుంచి కేక వినిపించింది. సీసా సిరాబుడ్డిలా నల్లగా ఉంది.

మా నూతి నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయని నేనూ నలుగురికీ చెప్పుకునేవాణ్ణే. వంటకు కుళాయి నీళ్లే వాడతాం గానీ, పక్కింటివాళ్లకు తాగడానికి కూడా ఇదే నుయ్యి. గోడ మధ్యలో ఉంది, చెరో వైపు గిలక. వాళ్లు నిరుడు కట్టిన సెప్టిక్ ట్యాంకు నూతికి ఇరవై అడుగుల్లో ఉంది. కనీసం యాభై అడుగులుండాలి.

లెక్క తనతోనే వేయించాను. నూతి అడ్డుకొలత రెండు మీటర్లు, నీళ్ల లోతు మూడు మీటర్లు. తొమ్మిది వేల నాలుగు వందల లీటర్ల చిల్లర. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున ఇరవై నాలుగు గ్రాముల బ్లీచింగ్ పౌడరు. దాన్ని బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను చేదలో పోసి నూతి అడుగుకు దించి పైకీ కిందకీ ఆడించాలి. గంటసేపు ఎవరూ తోడకూడదు. ఈ మందు ఒక పూటకే. ట్యాంకు సంగతి తేలేదాకా కాచి తాగాల్సిందే.

గోడ అవతల నుంచి పక్కింటి పెద్దాయన తొంగి చూశాడు. విషయం చెప్పాను. "ఏంటండీ మాస్టారూ, ముప్పై ఏళ్లుగా తాగుతున్నాం ఈ నీళ్లు. మా నాన్న తొంభై ఏళ్లు బతికాడు ఈ నీళ్లతోనే. సీసా నల్లబడితే నుయ్యి చెడిపోయినట్టా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా బెదురే ఎక్కువ వినిపించింది. ట్యాంకు కట్టడానికి చేసిన అప్పు ఆయనకింకా తీరలేదని నాకు తెలుసు.

నేను జవాబు వెతుక్కుంటున్నాను. మా మనవరాలు లోపలికి వెళ్లి అలమరాలోంచి కొత్త సీసా తెచ్చింది. చుట్టూ తిరిగి వాళ్ల వాకిట్లోకి వెళ్లి, "తాతగారూ, మందు వేయకముందే ఈసారి మీరు పట్టండి" అని ఆయన చేతిలో పెట్టింది. ఆయన కాసేపు సీసాను వెలుగుకు ఎత్తి చూశాడు. తర్వాత తన వైపు గిలక మీద చేద వేశాడు. మొదటి చేద కుమ్మరించమని పిల్ల చెప్పింది, కుమ్మరించాడు. రెండో చేదలోంచి గీత దాకా పోశాడు. మూత బిగించాడు. చీటీ మీద పేరు రాయమంటే జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, తన చేత్తో తన పేరే రాశాడు. ఎక్కడ పెట్టాలని అడిగాడు. వెచ్చగా ఉండేచోట, మీకు కనపడేచోట అంది. వాళ్ల ఇంట్లో టీవీ పక్కన పెట్టుకున్నాడు.